బ్రేకత్త వీలునామాకి సాక్షులు

మా మేనత్తని వీధి వీధంతా బ్రేకత్త అంటుంది. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఇంకో బ్రేకు ఉంటుంది కదా, అత్త కాలు దాని మీంచి దిగదు. నోరైతే అసలే ఆగదు. "అది గేరు రాడ్డు తల్లీ, గరిటె కాదు!" అని ఆవిడ అరిస్తే, కారు అద్దాలు ఎక్కించి ఉన్నా సందు చివరిదాకా వినపడుతుంది.

అలాంటి అత్త ఆ ఆదివారం నన్నూ, బాబాయినీ, క్లచ్‌నీ స్కూలు క్లాసు గదిలో కూర్చోబెట్టింది. గోడ నిండా ట్రాఫిక్ గుర్తులు, మధ్యలో విప్పి పెట్టిన పాత ఇంజను, ఆ ఇంజను పక్కన ఒక కాగితం పట్టుకుని అత్త!

క్లచ్ అంటే మనిషే. ఒకప్పుడు ఇక్కడికి నేర్చుకోవడానికే వచ్చింది. క్లచ్ సరిగ్గా వదల్లేక ప్రతి సిగ్నల్ దగ్గరా బండి ఆపేసి ఆ పేరు తెచ్చుకుంది. టెస్టు తప్పీ తప్పీ, చివరికి అత్తకన్నా బాగా నేర్పే టీచరైపోయింది. స్కూలు పైన గదిలోనే ఉంటుంది. అత్తకి పెళ్ళి లేదు, పిల్లల్లేరు. అన్నీ చూసుకునేది క్లచ్చే. కానీ కాగితం మీద తను ఎవరికీ ఏమీ కాదు. అత్తకేమైనా అయితే ఇల్లూ పోతుంది, పనీ పోతుంది. ఆ మధ్య భోజనాల దగ్గర బాబాయి, అంటే అత్త తమ్ముడు, "అక్కయ్యా, నీ తర్వాత ఈ హాలు సెల్‌ఫోన్ల షాపుకిస్తే భలే ఉంటుంది" అని నోరు జారాడు. అంతే, అత్త ఎవరినీ అడక్కుండా వీలునామా రాసి పడేసింది.

గొంతు సవరించుకుని చదివింది. స్కూలు, పై గది, రెండు కార్లు క్లచ్‌కి. పాత స్కూటరు నాకు (కుర్చీలోంచి ఎగిరాను!). బాబాయికి క్లాసు గదిలో కుర్చీలు.

"కుర్చీలా?" అన్నాడు బాబాయి.

"కూర్చోవడం నీకు బాగా వచ్చు కదరా."

క్లచ్ ఒకటే ఏడుపు. అత్త సంతకం పెట్టి, "ఇద్దరు సాక్షులు కావాలట, ఎవరు పెడతారు?" అనడం ఆలస్యం, "నేను మేడమ్!" అని క్లచ్ కళ్ళు తుడుచుకుంటూనే పెట్టేసింది. దాని కింద నేనూ గీకేశాను. బాబాయి మాత్రం కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే తర్వాతి క్లాసుకి, అత్త దగ్గర కారు నేర్చుకుంటున్న లాయరమ్మ వచ్చింది. కోర్టులో ఆవిడ పులి అట. స్టీరింగ్ పట్టుకుంటే మాత్రం పిల్లి. అత్త గర్వంగా కాగితం చేతిలో పెడితే, చదువుతూ చదువుతూ నుదురు కొట్టుకుంది.

"ఈ సాక్షులిద్దరూ ఎవరు మేడమ్?"

"మా క్లచ్చూ, మా మేనకోడలూ."

"స్కూలు ఎవరికి? స్కూటరు ఎవరికి?"

"వాళ్ళకే!"

"అదే కొంప ముంచింది. ఆస్తి ఎవరికి రాశారో వాళ్ళే సాక్షి సంతకం పెడితే, చాలా చోట్ల వాళ్ళకి రాసింది చెల్లదు. రేపు ఎవరైనా అడ్డం తిరిగితే ఈవిడకి స్కూలు రాదు, ఈ పిల్లకి స్కూటరు రాదు."

క్లచ్ తన సంతకం వైపు చూసిన చూపు చూడాలి! ఎవరి కారుకో సొట్ట పెట్టినట్టు!

లాయరమ్మ ఆగలేదు. "బ్యాంకులో నామినీ ఎవరు?"

"మా అమ్మ."

"ఆవిడ ఎక్కడుంటారు?"

"పోయి చాలా ఏళ్ళైంది," అంది అత్త, జీవితంలో మొదటిసారి చిన్న గొంతుతో.

"ముందూ వెనకా చూడకుండా రోడ్డెక్కొద్దని నన్ను రోజూ తిడతారు కదా మేడమ్!"

అత్త ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత పడీ పడీ నవ్వింది. "తిట్టు తల్లీ, ఇవాళ నీ టైము. రేపే బ్యాంకుకెళ్తా. మరి దీన్నేం చెయ్యను?"

"చింపేసి మళ్ళీ రాయండి. వీలునామాలో ఏమీ దక్కనివాళ్ళు ఇద్దరు చూస్తుండగా సంతకం పెట్టండి. నేనొకదాన్ని. ఇంకొకళ్ళు కావాలి."

అందరం కిటికీ వైపు చూశాం.

"ఆ కుర్చీల మాట కొట్టెయ్ అక్కయ్యా," అన్నాడు బాబాయి కిటికీ దగ్గర్నుంచి. "అప్పుడు నాకూ ఏమీ రాదుగా. నేను పెడతా."

"పెట్టి, తర్వాత సెల్‌ఫోన్ల షాపంటే?"

"సాక్షిని నేనే అయ్యాక ఏ మొహం పెట్టుకుని అంటానే? నా కోపం స్కూలు ఇవ్వనందుకు కాదు, నాతో ఒక్క మాటైనా అననందుకు. క్లచ్ లేకపోతే స్కూలే లేదని నాకు తెలీదా?"

అత్త పాతది చింపేసి కుర్చీలు లేని కొత్త వీలునామా రాసింది, మధ్య మధ్యలో ముక్కు చీదుతూ. అందరి ముందూ సంతకం పెట్టింది. లాయరమ్మ పెట్టింది. బాబాయి పెట్టాడు, ఇంత పొడుగున.

"అది సంతకమా, రైలా?" అంది అత్త.

"దీన్ని బీరువాలో చీరల కింద దాచకండి," అంది లాయరమ్మ. "ఎక్కడుందో వీళ్ళకి తెలియాలి."

"చీరల కిందే అనుకున్నానని నీకెలా తెలుసు?"

క్లచ్ బాబాయి దగ్గరకొచ్చి, "కుర్చీలు నేనే ఇస్తాను బాబాయిగారూ" అంది.

"వద్దులే అమ్మా. నాకు కారు నేర్పు చాలు. అక్కయ్య దగ్గర మొదలెట్టిన ప్రతిసారీ పారిపోయాను."

"మరి నా క్లాసు?" అంది లాయరమ్మ.

"వెనక సీట్లో కూర్చో. ఎలా నడపకూడదో చూద్దువుగాని," అంది అత్త.

బాబాయి స్టార్ట్ చేశాడు. కారు కప్పలా ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

"పర్లేదు," అంది క్లచ్. "మళ్ళీ తియ్యండి."

మళ్ళీ తీశాడు. ఈసారి కదిలింది! వెనక సీట్లో లాయరమ్మ ఒకటే చప్పట్లు.