నోరు కుట్టని దూడ

పొద్దున్నే లేవగానే ఎలీసమ్మ గేదె పొదుగు మీద చన్నీళ్లు కొట్టేది. ఆ తర్వాత మొగుడు ఇమ్మానియేల్ని నాలుగు తిట్లు తిట్టేది. ఈ రెండూ అయితేగాని ఆ ఇంట్లో పాలు పితకడం మొదలయ్యేది కాదు. ప్రత్తిపాడుకు కాస్త దూరంగా, వాగు ఒడ్డున ఉండే ఆ పల్లెలో అందరూ కూలోళ్లే. పత్తి తీతకో మిరప కోతకో పోయేలోగా పాలు కేంద్రానికి చేరాలి. గేదేమో పెంకిది. ఎదురుగా దూడ ఉంటేనే చేపేది. లేకపోతే పాలు బిగబట్టి వెనక్కాలితో తపేలాను తన్నేది.

ఆ దూడ చచ్చిపోయి అప్పటికి చాలా నెలలైంది.

పత్తికి తెల్లదోమ పట్టిన ఏడు వాగుకు ఎగువన పురుగుమందుల ఫ్యాక్టరీ పెట్టారు. మందు ఊళ్లోనే దొరుకుతుందని రైతులు సంబరపడ్డారు. ఫ్యాక్టరీ గోడ కింద నుంచి ఒక కాలవ వచ్చి వాగులో కలిసేది. అందులో నీళ్లు ఒకనాడు పసుపుగా, ఒకనాడు కాఫీ రంగులో ఉండేవి. పల్లె మొత్తం ఆ వాగులోనే చెలమలు తీసుకుని తాగేది. పక్కింటి పుల్లమ్మ కోడలికి వరసగా కడుపులు పోయాయి. ఇమ్మానియేలు కాళ్లకు పుళ్లు లేచాయి. దూడ ఓ మధ్యాహ్నం ఆ కాలవలో మూతి పెట్టి తాగి, ఇంటికొచ్చి, నాలుక కొరుక్కుని, ముక్కుల వెంట నెత్తురు కక్కుతూ సాయంత్రం దాకా కాళ్లు కొట్టుకుని చచ్చింది.

దూడ చస్తే తోలు వొలిచి, ఉప్పు రాసి, లోపల గడ్డి కుక్కి, కుట్టి గేదె ముందు నిలబెట్టడం ఆ చుట్టుపక్కల మామూలే. గేదె ఆ తోలు నాకి, తన బిడ్డేననుకుని చేపుతుంది. మోసమే, కాదనను. కానీ పాలు కావాలిగా! మిరపకాయల బస్తాలు కుట్టే దబ్బనం, పురికొస తీసుకుని ఇమ్మానియేలు దూడను కుట్టాడు. ఏడుస్తూ కుట్టాడేమో, నోరు కుట్టడం మర్చిపోయాడు.

కొన్నాళ్లకు గడ్డి దూడ తోక ఆడించింది. ఇంకొన్నాళ్లకు లేచి నడిచింది. "ఎలీసమ్మది రాసిపెట్టిన అదృష్టం, మేత ఖర్చు కూడా లేదు," అని పల్లెలో ఆడవాళ్లు కుళ్లుకున్నారు. పశువుల డాక్టరు వచ్చినప్పుడు మిగతా గొడ్లతోపాటు దానికీ గాలికుంటు టీకా పొడిచాడు. పొడిచిన చోట చిటికెడు గడ్డి బయటికొస్తే వేలితో లోపలికి నొక్కి పోయాడు.

దానికున్న పాడలవాటు ఒక్కటే. రోజూ వెళ్లి, తనను చంపిన ఆ కాలవలోనే నీళ్లు తాగేది. తాగిందాన్లో ఒక్క చుక్క బయటికి వదిలేది కాదు. పొట్ట బానలా పెరిగింది. కుట్లు పిగిలినప్పుడల్లా ఇమ్మానియేలు మళ్లీ పురికొస వేసేవాడు, ఎలీసమ్మ మళ్లీ తిట్టేది.

ఆ పల్లెలోనే పుట్టి, మిషను హాస్టల్లో చదివి, గుంటూరు కోర్టులో నల్లకోటు వేసుకున్న పిల్ల సంతోషకుమారి. ఆమె పల్లె తరఫున ఫ్యాక్టరీ మీద దావా వేసింది. కాలవ నీళ్లు సీసాల్లో పట్టుకు రమ్మని కోర్టు మనిషిని పంపింది. ఆ జీపు గుంటూరులో కదలకముందే ఇక్కడ ఫ్యాక్టరీలో బోరు మోటారు వేసేవాళ్లు. కాలవలో కొబ్బరినీళ్లలాంటి నీళ్లు పారేవి. మళ్లీ పంపితే మళ్లీ అంతే.

"మా ఇంట్లో మంచినీళ్లు కూడా ఇంత తేటగా ఉండవండీ," అన్నాడు కంపెనీ లాయరు సీతారామాంజనేయులు, సీసా కోర్టులో అందరికీ కనపడేట్టు ఎత్తి.

జడ్జిగారు విసుక్కున్నాడు. వచ్చే వాయిదాకు అసలు నీళ్లు చూపించకపోతే దావా కొట్టేస్తానన్నాడు.

ఆ వాయిదాకు వారం ఉందనగా, పట్టపగలు, ప్రత్తిపాడులో బస్సు దిగుతున్న సంతోషకుమారిని అంకారావు ఆపాడు. అంకారావు ఆ ఊరి రౌడీ. ఫ్యాక్టరీవాళ్లు అతనికి లేబర్ కాంట్రాక్టరని మర్యాదైన పేరొకటి పెట్టుకున్నారు. అతను ఏమీ అరవలేదు. ఇనుప రాడ్డుతో ఆమె కుడిచేయి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు వినపడ్డాక, సరిగ్గా విరిగిందో లేదోనని మళ్లీ కొట్టాడు.

"వాయిదాకు పోమాకండి మేడంగారూ. ఎడం చెయ్యన్నా మిగలనియ్యండి," అన్నాడు.

బస్సులో ఉన్నవాళ్లంతా రెండోవైపు పొలాల్లో ఏదో వింత జరుగుతున్నట్టు అటే చూశారు. వాళ్లలో ఒక్కడు దిగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. ఎవడూ దిగలేదు.

పిండికట్టు వేయించుకుని సంతోషకుమారి పల్లెకొచ్చింది. ఎలీసమ్మ ఇంటి ముందు మంచం మీద కూర్చుంది. గడ్డి దూడ వచ్చి ఆమె మోకాలికి ఆనుకుంది. లోపల నీళ్లు కదిలిన చప్పుడైంది. ఆమె వంగి దాని మూతి వాసన చూసి, ముఖం చిట్లించుకుని వెనక్కి జరిగింది.

"పిన్నీ, దీనికి నోరు కుట్టలేదేం?"

"అడుగు మీ బాబాయిని! చేసిన పని ఏదన్నా సాంతం చేసిన మొగోడేనా?"

ఇమ్మానియేలు తల గోక్కున్నాడు. "మర్చిపోయానమ్మాయ్."

"నీ మతిమరుపు చల్లగుండ బాబాయ్! ఆ కాలవలో వాళ్లు వదిలిందంతా దీని పొట్టలో ఉంది. సీసాల్లో నీళ్లు మార్చగలరు గాని దీన్నేం మారుస్తారు? జడ్జిగారి ముందే కుట్లు విప్పుదాం."

వాయిదా రోజు పొద్దున దూడను ఎడ్లబండి ఎక్కించారు. నలుగురు కలిసి ఎత్తితేగాని లేవలేదు. బండి ముందు సంతోషకుమారి, వెనక దూడ మెడ పట్టుకుని ఎలీసమ్మ కూర్చున్నారు. ఇమ్మానియేలు కట్టెలు కొట్టే గొడ్డలి చేతబట్టుకుని ఎడ్ల పక్కన నడిచాడు. దారికి రెండువైపులా కళ్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. పుల్లమ్మా, ఇంకా కొందరు ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు.

ఎదురుగా జీపొచ్చి అడ్డంగా ఆగింది. అంకారావు, అతని మనుషులు గొడ్డళ్లతో, కర్రలతో దూకారు. ముందు ఎడ్ల కాళ్లు నరికారు. బండి ఒరిగి దూడా, ఆడవాళ్లూ కళ్లంలో పడ్డారు. ఇమ్మానియేలు గొడ్డలి ఎత్తి దూడకు అడ్డం నిలబడ్డాడు. జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి, గొడ్డలి ఎత్తాడు గాని దించలేకపోయాడు. అంకారావుకు ఆ ఇబ్బంది లేదు. మొదటి వేటు మెడ మీద, రెండోది పక్కటెముకల్లో వేశాడు. ఇమ్మానియేలు మిరపకాయల మీద బోర్లా పడ్డాడు. అంత ఎరుపులో నెత్తురు ఎంతదూరం పాకిందో కూడా తెలియలేదు.

పుల్లమ్మ దోసిలి నిండా మిరపకాయలు నలిపి ఒకడి కళ్లలో కొట్టింది. మిగతా ఆడవాళ్లూ అందుకున్నారు. గింజల ఘాటుకు అంకారావు మనుషులు గుడ్డిగా కర్రలు తిప్పుకుంటూ ఒకళ్లనొకళ్లు కొట్టుకున్నారు. పుల్లమ్మకు పళ్లు రాలాయి. ఒకడి చెవి తెగి వేలాడింది. ఆ గోలలో అంకారావు కళ్లు నులుముకుంటూ వెళ్లి, దూడ పొట్ట మీద బలంకొద్దీ గొడ్డలి వేశాడు.

నెలలకొద్దీ దాచిన నీళ్లు ఒక్కసారిగా అతని ముఖాన, ఛాతీన, చేతుల మీద చిమ్మాయి. చొక్కా పొగలు కక్కింది. కనురెప్పలు కరిగాయి. అతను పెట్టిన కేక విని ఎడ్లు కూడా రంకె ఆపాయి. మిగిలిన నీళ్లు కళ్లంలో పారినంత మేరా ఎర్రటి కాయలు తెల్లగా తాలుకాయలైపోయాయి. దూడ చీలికలు పేలికలై, తోలు ముక్కలుగా, తడిగడ్డిగా మిగిలింది.

ఎలీసమ్మ మొగుడి చేతిలో గొడ్డలి తీసుకుంది. నేల మీద దొర్లుతున్న అంకారావు దగ్గరికి నడిచి ఎత్తింది. ఆమె చేయి ఆగేది కాదు. సంతోషకుమారి వెళ్లి అతని మీద పడింది. గొడ్డలి పిండికట్టు మీద తగిలి, కట్టు పగిలి, విరిగిన చెయ్యే మళ్లీ విరిగింది.

"చంపమాక పిన్నీ! దూడ పోయింది. ఇంక ఆ నీళ్లకు సాక్ష్యం వీడి ఒళ్లొక్కటే."

"మరి మీ బాబాయి?"

ఇద్దరూ అక్కడే కూలబడి ఏడ్చారు.

పోలీసులు రెండు వర్గాల కొట్లాట అని రాసుకున్నారు. జడ్జిగారు చనిపోయిన మనిషి మీద గౌరవంతో ఆఖరిగా ఇంకొక్క వాయిదా ఇచ్చాడు. ఆసుపత్రిలో అంకారావు నోరు విప్పలేదు. కళ్లు రెండూ పోయినా, కంపెనీ తనను చూసుకుంటుందనే నమ్మకం మాత్రం పోలేదు. కంపెనీ చూసుకుంది. గాయాలు మానుపట్టాక జీపులో ఇంటికి దింపుతామని తీసుకొచ్చి, సరిగ్గా ఎలీసమ్మ పల్లె మధ్యలో దింపి వెళ్లిపోయింది. పల్లెవాళ్లు వాడిని చంపుతారు, సాక్ష్యం పోతుంది, హత్య పల్లె మీద పడుతుంది. అదీ లెక్క.

లెక్క దాదాపు సరిపోయింది. మొదటి రాయి అంకారావు నుదురు చీల్చింది. కర్రలు లేచాయి. మోకాళ్ల మీద పడి, ఎటు పాకాలో తెలియక, అతను చేతులు తల మీద పెట్టుకున్నాడు. ఎలీసమ్మ గొడ్డలి తీసుకుని ఇంట్లోంచి వస్తుంటే అందరూ దారిచ్చారు.

ఆమె కంటే ముందు గేదె వచ్చింది. దూడ పోయిన దగ్గర్నుంచీ అది సరిగా మేయలేదు, ఒక్క చుక్క పాలివ్వలేదు. ఇప్పుడు పలుపు తెంపుకుని, జనాన్ని కొమ్ములతో తోసుకుంటూ వచ్చి, అంకారావు ముందు ఆగి వాసన చూసింది. ఆ కాలిన చర్మంలో దాని బిడ్డ నీళ్లు ఇంకిపోయి ఉన్నాయి. గేదె సన్నగా మూలిగి అతని చేతులు నాకింది. తర్వాత మెడ, తర్వాత కళ్లు ఉండాల్సిన చోటు. నాకుతూ నాకుతూ చేపింది. పాలు వాటంతటవే దుమ్ములో కారిపోతున్నాయి.

ఎలీసమ్మ ఆ పాలవంక చూసింది. అంకారావు వంక చూసింది. గొడ్డలి పక్కన పెట్టి ఇంట్లోకెళ్లి తపేలా తెచ్చుకుంది.

"ఎవరది?" అన్నాడు అంకారావు.

"ఎలీసమ్మని."

"చంపుతావా?"

"కదలమాక. పాలు పితకాలి."

వాయిదా రోజు అంకారావు కోర్టులో చొక్కా విప్పాడు. ఎవరు పంపితే కళ్లానికి వెళ్లాడో, ఎవరు చెబితే బోరు మోటారు వేసేవాళ్లో, లాయరమ్మ చెయ్యి విరగ్గొట్టమంది ఎవరో, ఇమ్మానియేలును తానెలా నరికాడో, ఏదీ దాచకుండా చెప్పాడు. సీతారామాంజనేయులు లేచి, కోర్టు మొత్తం ఆ ఒళ్లును చూస్తుంటే మళ్లీ కూర్చున్నాడు. ఆ రోజే ఫ్యాక్టరీకి తాళం వేయమన్నారు.

హత్య కేసు కూడా ఆ జడ్జిగారి ముందుకే వచ్చింది. యావజ్జీవం వేస్తుంటే అంకారావు చేతులు జోడించాడు.

"జైలుకు పోతానండి. ఆ గేదె వట్టిపోయేదాకా ఆగండి. నేను ఎదురుగా కూర్చోకపోతే అది చేపదు."

జడ్జిగారు కూడా పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాడే. ఎలీసమ్మ వైపు తిరిగాడు. "నిజమేనామ్మా? నీకేమన్నా అభ్యంతరమా?"

ఎలీసమ్మ లేచి నిలబడింది.

"మా ఆయన్ని చంపాడండి. ఈ జన్మలో క్షమించనండి. పాలు మటుకు కావాలండి."

గేదె వట్టిపోయిన రోజే ముద్దాయిని రాజమండ్రి జైలుకు పంపాలని, అందాకా రెండు పూటలా గేదె దగ్గర హాజరు వేయించుకోవాలని జడ్జిగారు తీర్పు రాశాడు.

పశువుల డాక్టరు అప్పుడప్పుడు వచ్చి పొదుగు పట్టి చూసి, ఇంకా ఇస్తోందని రాసుకుని పోతాడు. ఆ గేదె ఇంతవరకూ వట్టిపోలేదు. పొద్దునా సాయంత్రం అంకారావు దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంటాడు. ఆ గరుకు నాలుక మానిన పుండును మళ్లీ రేపుతుంది. అతను ఏడుస్తాడు, తల తిప్పుకోవాలని చూస్తాడు. ఎలీసమ్మ ఇమ్మానియేలు గొడ్డలి పక్కనే పెట్టుకుని పాలు పితుకుతుంది. అతనితో ఆమె మాట్లాడే మాట ఒక్కటే.

"కదలమాక."