చివరి బెంచీకి చేరని పాఠం

హిందూపురంలో రైలెక్కినప్పటి నుంచీ నాకు కుదురు లేదు. పెనుకొండ దాటాక సంచిలోంచి ఆ ఫారం తీసి మళ్లీ చూశాను. నేను పాఠాలు చెప్పే నాలుగో తరగతి పిల్ల వీణకు చెవులు సరిగా వినబడవనీ, ప్రత్యేక బడికి పంపాలనీ రాసింది నేనే. మధ్యాహ్నం వాళ్ల నాయన సంతకం పెడితే ఆ పిల్ల ధర్మవరంలోని మా బడి వదిలి హాస్టల్‌కు పోవాలి.

మా తరగతి గదికి రేకుల కప్పు, నున్నటి సిమెంటు గోడలు. లోపల నలభై ఇద్దరు పిల్లలు. మాట మారుమోగుతుంది; నేను ఒకటంటే గోడలు రెండంటాయి. దాంతో ఇంకా గట్టిగా అరుస్తాను. నాకు ఓపిక తక్కువ, నోరెక్కువ. చివరి బెంచీలో వీణ నా పెదాల వంకే చూస్తుంది. ఏదడిగినా ఆలస్యంగా, అదీ తప్పుగా చెబుతుంది.

మధ్యాహ్నం తరగతి నడుస్తుండగా వీణ నాయన ఆదెప్ప వచ్చాడు. పట్టుచీరలు నేసే మనిషి. నేనిచ్చిన ఫారం పక్కన పెట్టి గదిని చూశాడు.

"ఇంట్లో మీ మాట వింటుందా?" అన్నాను.

"బాగా వింటాది మేడమ్. ఇంట్లో మూడు మగ్గాలు ఉండాయి. మగ్గం ఆడేటప్పుడు ఎవరమూ మాట్లాడం. చెయ్యి ఆపి, సద్దు అణిగినాక చెప్తాం. పాపకు అదే అలవాటు."

"ఆ మోతకే చెవులు దెబ్బతిన్నాయేమో" అన్నాను, పెద్ద డాక్టరులా.

ఆయన కోప్పడలేదు. "మీరు పోయి పాప పక్కన కూచోండి మేడమ్" అని, నా పుస్తకం తీసుకుని బోర్డు దగ్గర నిలబడ్డాడు. అచ్చం నాలాగే గుక్క తిప్పుకోకుండా గట్టిగా చదివాడు. బెంచీలు కిర్రుమన్నాయి, ఎవరో దగ్గారు. నేను పదిసార్లు చెప్పిన పాఠమే, చివరి బెంచీలో కూచున్న నాకు ఒక్క ముక్కా అందలేదు. సిగ్గేసింది.

ఆదెప్ప చదవడం ఆపాడు. గది అణిగేదాకా ఉండి, మామూలు గొంతుతో అడిగాడు.

"పాపా, ఎండకు చెరువునీళ్లు యాడికి పోతాయి?"

"ఆవిరై పైకి పోతాయి నాయనా" అంది వీణ, వెంటనే.

ఫారం చింపేశాను. వీణ వైపు తిరిగి, "పాఠం వినబడట్లేదని నాతో ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నాయన వైపు చూసి, తల దించుకుంది.

"మీరు ఒకతూరి నా పక్కకొచ్చి చెప్పింది బాగా వినబడింది మేడమ్."

"ఏం చెప్పాను?"

"చెవిటిదానా అన్నారు. అందుకే చెప్పలేదు."