మూడో బోగీ తలుపు

నగరం కింద సొరంగాల్లో తిరిగే రైళ్ళన్నిటిలోకీ పాతది పదకొండో నంబరు బండి. దాన్ని నడిపే డ్రైవరమ్మ ఉద్యోగంలో చేరిన ఏడే అదీ కొత్తగా వచ్చింది. ఇద్దరూ కలిసే ముసలివాళ్ళయ్యారు. కాకపోతే డ్రైవరమ్మకు నొప్పి నడుములో మాత్రమే, బండికి ఒళ్ళంతా.

ఆ నడుము నొప్పి కూడా బండి పెట్టిందే. డ్రైవరు సీటు కింద స్ప్రింగు ఎప్పుడో చచ్చిపోయింది. మలుపు వచ్చినప్పుడల్లా సీటు కిందనుంచి ఒక్క గుద్దు గుద్దేది. డ్రైవరమ్మ ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైరవుతుంది. ఈలోగా మెత్తటి సీటున్న కొత్త బండి నడపాలని ఆమె కోరిక. కొత్త బళ్ళు వస్తున్నాయి గానీ, అన్ని లైన్లకూ సరిపడా లేవు. అందుకని పై ఆఫీసు వాళ్ళు ఒక ఇన్‌స్పెక్టరును పంపుతున్నారు. ఆయన ఒక పూట బండిలో తిరిగి మూడు లోపాలు రాస్తే కొత్త బండి ఖాయం. లేదంటే ఇంకో ఐదేళ్ళు ఇదే.

మూడేం ఖర్మ, ముప్పై చూపిస్తాననుకుంది డ్రైవరమ్మ.

షెడ్డులో మెకానిక్ ఆమె సొంత తమ్ముడే. ఇక్కడ అట్టముక్క, అక్కడ తీగముక్క పెట్టి ఇన్నేళ్ళూ ఆ బండిని నెట్టుకొచ్చింది అతనే. ముందురోజు ఆమె అతన్ని పక్కకు పిలిచింది.

"ఒరేయ్, రేపటిదాకా దాన్ని ముట్టుకోకు. ఎలా ఉన్నదాన్ని అలా వదిలెయ్."

"ముట్టుకోకపోతే చేతులు దురద పెడతాయక్కా."

"అయితే చేతులే గోక్కో. బండిని మాత్రం గోకకు."

తమ్ముడు మాట నిలబెట్టుకున్నాడు. పొద్దుటిదాకా చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.

ఇన్‌స్పెక్టరు సన్నగా, పొడుగ్గా, చెవి మీద పెన్సిలుతో వచ్చి మూడో బోగీలో నిలబడ్డాడు. డ్రైవరమ్మకు లోలోపల పండగే. ఆ బోగీ తలుపు ముప్పావు వంతు మూసుకుని, అక్కడ ఆగి ఎక్కిళ్ళు పెడుతుంది. అది పూర్తిగా మూసుకుంటే తప్ప బండి కదలదు.

మొదటి స్టేషన్లో తలుపు ఎప్పటిలాగే ఆగింది. ఇన్‌స్పెక్టరు పెన్సిలు తీశాడు. డ్రైవరమ్మ బోగీల లోపలిదాకా కనిపించే అద్దంలోంచి చూస్తోంది. తలుపు పక్క సీట్లో, రోజూ ఆ బండే ఎక్కే ఒక టీచరమ్మ పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. ఆమె తల ఎత్తకుండానే కాలెత్తి తలుపు కింది మూలన ఒక్క తన్ను తన్నింది. టప్పున మూసుకుంది. ఇన్‌స్పెక్టరు ఆ కాలి వంక చూశాడు. టీచరమ్మ పేపరు మీద ఒక సున్నా వేసింది. ఆయన పెన్సిలు మళ్ళీ చెవి మీద పెట్టేశాడు.

తర్వాతి స్టేషను దాటాక లైట్లు పోయాయి. ఆయన నోటుబుక్కు తెరిచేలోపే, ఏ కాలమైనా గొడుగుతోనే బండెక్కే గొడుగు తాత దాని పిడితో పైకప్పును రెండుసార్లు కొట్టాడు. లైట్లు వచ్చాయి. ఫ్యాను కీచుమంది. ఎవరో టికెట్టు మడిచి దాని సందులో దోపారు, అంతే, నోరు మూసుకుంది. ఇంట్లో కూర్చుని దోమను కొట్టినంత మామూలుగా చేస్తున్నారు అందరూ.

అప్పుడు డ్రైవరమ్మకు తన పొరపాటు తెలిసొచ్చింది. తమ్ముడికి చెప్పింది సరే, వీళ్ళకెవరు చెప్పారు? పైగా ఈ విద్యలన్నీ నేర్పింది తనే. కొన్నేళ్ళ క్రితం, ఆఫీసులకు ఆలస్యమవుతోందని జనం గొడవ చేసినప్పుడు, ఎక్కడ తన్నాలో ఎక్కడ తట్టాలో మైకులో రోజూ తనే చెప్పేది.

సగం దారిలో ఇన్‌స్పెక్టరు ఆమె దగ్గరికి వచ్చాడు. ఇంత ఆరోగ్యమైన పాత బండిని తానెక్కడా చూడలేదని మెచ్చుకున్నాడు. ఆమె తన సీటు చూపించింది. పాపం, సీటు తన లిస్టులో లేదన్నాడు.

ఆయన వెనక్కి వెళ్ళేదాకా ఆగి, ఆమె మైకు అందుకుంది.

"ప్రయాణికులకు మనవి. ఈ రోజు ఎవరూ బండికి సాయం చెయ్యొద్దు. కాళ్ళూ, చేతులూ, గొడుగులూ దగ్గర పెట్టుకోండి. మీరు సాయం చేశారంటే ఇంకో ఐదేళ్ళు మనకిదే బండి."

ఇన్‌స్పెక్టరూ విన్నాడు. కానీ ఆయన కిటికీలోంచి సొరంగం గోడను చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

తర్వాతి స్టేషన్లో తలుపు ఆగి ఎక్కిళ్ళు పెట్టింది. లైట్లు పోయాయి. టికెట్టు ఎవరు లాగేశారో గానీ, ఫ్యాను గొంతెత్తి అరిచింది. టీచరమ్మ కాళ్ళు సీటు మీదికి మడుచుకుంది. గొడుగు తాత గొడుగును వీపు వెనక దాచాడు. ఆ మసకలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇన్‌స్పెక్టరు ప్లాట్‌ఫాం వెలుగులో ఒకటి, రెండు, మూడు అని రాసుకున్నాడు. రాసి, ఇక బయల్దేరదామన్నాడు.

ఒక్కరూ కదల్లేదు.

"మేం సాయం చెయ్యకూడదట సార్," అంది టీచరమ్మ.

ఆయన వాచీ చూసుకున్నాడు. ఇంకో లైనులో ఇంకో బండి ఆయన కోసం ఎదురు చూస్తోంది. అటూ ఇటూ చూసి, నోటుబుక్కు చంకలో పెట్టుకుని తలుపును తన్నాడు. అది కదల్లేదు.

"అక్కడ కాదు సార్, ఇంకాస్త కింద," అంది బోగీ అంతా ఒక్క గొంతుతో.

రెండో తన్నుకు టప్పున మూసుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ, మూడు లోపాలూ మూడుగానే ఉండిపోయాయి.

నాలుగు నెలలకు కొత్త బండి వచ్చింది. మొదటి మలుపులో డ్రైవరమ్మ అలవాటుగా సీట్లోంచి సగం లేచింది. కింద నుంచి గుద్దు రాలేదు. మెల్లగా కూర్చుంది. సీటు మెత్తగా లోపలికి దిగింది. ఆ తర్వాత ప్రతి మలుపునూ ఆమె కూర్చునే దాటింది.

సాయంత్రం షెడ్డులో తమ్ముడు మొహం ముడుచుకుని వచ్చాడు. కొత్త బండి మూడో బోగీ తలుపు కింది మూలన అప్పుడే ఎవరిదో బూటు గుర్తు పడిందట. ప్రయాణికులందరూ దిగిపోయాక చూసినప్పుడు కూడా ఆ గుర్తు లేదట.

"ఎవరు చేసి ఉంటారక్కా?"

డ్రైవరమ్మ కాళ్ళు బల్ల కిందికి లాక్కుంది.

"ఏమోరా, జనానికి బొత్తిగా బుద్ధి లేదు," అంది.