తాత గోళీ

గోళీలాటలో ఓడినవాళ్ళు నేలమీద పిడికిలి పెట్టాలి. గెలిచినవాళ్ళు గోళీతో వేళ్ళ కణుపుల మీద కొట్టాలి. చిన్నప్పుడు మా పెదనాన్న కొడుకు మధుకర్ తొండాడి, తాత నాకిచ్చిన గోళీ గెలుచుకుని, దాంతోనే నా చేతిని రక్తం కారేలా కొట్టాడు. ఆ మంట నాకింకా చల్లారలేదు.

పాత గోళీలు ఎక్కడ తయారయ్యాయో నేను గుర్తుపడతానని తెలిసి, నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లోని తన చీరల దుకాణానికి పిలిచి, ఆ తాత గోళీనే చూపించాడు.

"జర్మనీల చేత్తోని చేసిందే గదా, చెల్లె?"

గాజుకడ్డీ నుంచి కోసిన మచ్చలు రెండు కొసలా ఉన్నాయి. అసలు సిసలు జర్మనీ చేతిపని, ఇప్పుడు వేలల్లో పలుకుతుంది.

"కాదన్నా. మిషన్ గోటీ."

గిరాకుల ముందు ముఖం మాడ్చుకున్నాడు. "తీస్కపో, నీ బిడ్డ ఆడుకుంటది" అని నా ఒళ్ళోకి విసిరాడు.

మన్సూరాబాద్‌లో ఇల్లు చేరి, గోళీని బీరువాలో పెట్టి, తాళం వేసి, ఫోన్ చేశాను.

"అది జర్మనీదే అన్నా. ఓడిపోయినవ్. పిడికిలి పెట్టు."