మొదటి ఆప్షను

నెల్సన్ లేత్ మిషను మీది ఇనుప రజను బ్రష్షుతో ఊడ్చి, గుడ్డతో నూనె పట్టిస్తున్నాడు. గూడెం టౌను శివారులోని ఆ ఇంజనీరింగు కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఆయన వర్క్‌షాపు అటెండరు. మెకానికల్‌లో పిల్లలు తగ్గిపోయాక కంప్యూటరు క్లాసుల తాళాలు తీయడం, ప్రొజెక్టర్లు వేయడం కూడా ఆయన పనే అయింది. పొట్టి మనిషి. ఎంత సబ్బు రుద్దినా గోళ్ల చుట్టూ నలుపు పోదు.

ఆ రోజు కూతురు నిస్సీ ఉంగుటూరులో ఇంటి నుంచి ఆయన బండి వెనకే కూర్చుని వచ్చింది. ఎంసెట్ కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టడానికి అదే ఆఖరు రోజు. వస్తూనే "అనిరుధ్ సార్‌ని అడిగొస్తా నాన్నా" అని మేడెక్కేసింది. అనిరుధ్ కంప్యూటరు లెక్చరరు, ముప్పై నిండని కుర్రవాడు. గంట దాటినా ఆమె దిగి రాలేదు.

నెల్సన్‌కి చెయ్యి సాగలేదు. సైకిలు గొలుసు ఊడినా, లెక్క తెగకపోయినా ఇదివరకు తననే అడిగేది. పైనుంచి ఇద్దరి నవ్వూ వినిపించింది. తనతో అలా నవ్వి ఎన్నాళ్లయింది? ఆ కుర్రవాడి నలగని చొక్కా గుర్తొచ్చి తన గోళ్ల వైపు చూసుకున్నాడు. అవసరం లేకపోయినా తాళాలగుత్తి పట్టుకుని పైకి వెళ్లాడు.

"రండి నెల్సన్ గారూ," అని అనిరుధ్ కుర్చీ జరిపాడు. ఆ మర్యాద కూడా నెల్సన్‌కి నచ్చలేదు. కూర్చోలేదు.

"సార్ ఇక్కడే ఏఐ బ్రాంచి పెట్టమంటున్నారు నాన్నా. ముందుముందు సీఎస్‌ఈ కన్నా అదే బాగుంటుందంట," అంది నిస్సీ, లాప్‌టాప్ మీంచి చూపు తిప్పకుండానే.

"ఏఐ క్లాసు తలుపు తీసేది నేనేనండి." గొంతు అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "ఏడాదిలో ముగ్గురు సార్లు మారిపోయారు. సీఎస్‌ఈ సార్లనే అక్కడికీ తిప్పుతున్నారు. అవునో కాదో మీరే చెప్పండి సార్."

అనిరుధ్ తల దించుకున్నాడు. "నిజమేనండి."

నెల్సన్‌కి ప్రాణం లేచొచ్చింది.

"సార్లు ఏఐకి వచ్చేస్తే మరి సీఎస్‌ఈ వాళ్ల క్లాసులు పోవా నాన్నా?"

ఆయన అంతదూరం ఆలోచించలేదు. ఏదో ఒకటి చెప్పి సర్దేయొచ్చు. కానీ ఆ పొద్దుట నుంచి కూతురు తన మొహంలోకి చూడటం అదే మొదటిసారి.

"అవీ పోతాయమ్మా," అన్నాడు.

నిస్సీ లాప్‌టాప్ దగ్గరికి లాక్కుంది. ఇక్కడి సీఎస్‌ఈని కిందికి దించి, విశాఖపట్నం దగ్గరి కాలేజీలో సీఎస్‌ఈని అన్నిటికన్నా పైకి జరిపింది. "నాన్న చెప్పిందే నయం సార్," అంది.

సీటు అక్కడే వచ్చింది. ఆగస్టులో ఒక పొద్దుట నెల్సన్ ఆమెను గూడెం స్టేషనులో రైలెక్కించాడు. రైలు కదులుతుంటే కిటికీలోంచి, "వెళ్లానని అనిరుధ్ సార్‌కి చెప్పండి నాన్నా!" అని కేకేసింది. ఆయన తల ఊపాడు. చెప్పకూడదని అప్పుడే అనుకున్నాడు.

స్టేషను బయట బండి ఎండలో ఉంది. నిస్సీ నాలుగేళ్లూ తన వెనక ఒకవైపుగా కూర్చుని తన కాలేజీకే వస్తుందని వేసవిలో తనే కోసి, అతికించి, రంగు వేసి బిగించిన వెడల్పాటి ఫుట్‌రెస్టు నల్లగా, ఇంకా కొత్తగా మెరుస్తోంది.