మొదటి గడిలో ఎవరి పేరు

"ఎందుకీ కాగితాల గోల? కన్నవాళ్లం మనం. డాక్టరు మనతో కాక ఇంకెవరితో మాట్లాడతాడు?" అన్నాడు కర్ట్, కాలేజీ హాస్టల్‌కి వెళ్లబోతున్న మా అమ్మాయి బ్రిన్ పేరు నేను తువ్వాళ్ల మీద రాస్తుంటే. పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లకి చట్టం దృష్టిలో కన్నవాళ్లూ బయటివాళ్లేననీ, పిల్ల సంతకం లేకపోతే ఆసుపత్రివాళ్లు మనకి ఏమీ చెప్పక్కర్లేదనీ వేసవంతా చెబుతూనే ఉన్నాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. తువ్వాళ్లు, టీకాల కాగితాలు, ఉబ్బసం మందులు, నోటరీ దగ్గర సమయం తీసుకోవడం, అన్నీ నా నెత్తినే. అతను చేసిందల్లా బ్యాంకు దాకా కారు నడపడం. దానికే మా ఊరు టొలెడోలోని ప్రతి సిగ్నల్ దగ్గరా నిట్టూర్చాడు.

బ్యాంకులో నోటరీ పని చూసే గ్లెండా కాగితం బ్రిన్ ముందు పెట్టింది. "నువ్వు స్పృహలో లేకపోతే నీ వైద్యం గురించి నిర్ణయించేది ఒక్కరే అమ్మా. వాళ్ల పేరు మొదటి గడిలో. వాళ్లు దొరక్కపోతేనే రెండో గడిలో పేరు."

"నా పేరు రాయి బంగారం," అన్నాడు కర్ట్ కుర్చీలో వెనక్కి వాలి. "మీ అమ్మ సంగతి తెలుసుగా, తుమ్మినా అంబులెన్సు పిలుస్తుంది."

గ్లెండా మర్యాదకి నవ్వింది. బ్రిన్ పెన్ను తీసుకుని నా చెవిలో గుసగుసగా, "రెండోది నువ్వేగా అమ్మా. నాన్న మూతి ముడుచుకుంటే ఇంటిదాకా భరించలేం," అంది. ఇరవై ఏళ్లుగా నేను వల్లించుకున్న మాట అది, నా కూతురి నోట్లోంచి వచ్చింది. తన ఊపిరి ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకునే చోట కూడా వాళ్ల నాన్న మూతినే చూస్తోంది.

"ఆగు బ్రిన్. కిందటేడాది నా కడుపునొప్పి సంగతి నీకు సగమే తెలుసు. ఆసుపత్రిలో జ్వరంతో నాకు మాట పెగల్లేదు. ఆసుపత్రిలో ఉంచమంటారా అని డాక్టరు మీ నాన్నని అడిగాడు. 'దానికి ప్రతిదీ హడావిడే, ఇంటికి తీసుకుపోతాను' అన్నాడు మీ నాన్న. ఇంటికొచ్చి ఫుట్‌బాల్ చూస్తూ కూర్చున్నాడు. నేను బాత్‌రూమ్ నేల మీద పడి ఉంటే తలుపు తట్టి, రెండో సగం మొదలవుతోంది, చిప్స్ ఎక్కడ పెట్టావని అడిగాడు. పక్కింటావిడ మళ్లీ తీసుకెళ్లేసరికి లోపల పిత్తాశయం పగిలిపోయింది."

ఆ చిప్స్ సంగతిని అతను విందుల్లో జోకుగా చెబుతాడు. అందరూ నవ్వుతారు. నేను కూడా నవ్వేదాన్ని. అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లంతా రోత.

"ఇప్పుడెందుకా పాత సోది?" అన్నాడు కర్ట్. "బతికే ఉన్నావుగా."

బ్రిన్ అతన్ని కాసేపు చూసింది, కొత్తవాణ్ని చూసినట్టు. తల దించి మొదటి గడిలో నా పేరు రాసింది. గ్లెండా ముద్ర వేసి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగింది.

"అలాంటిదే ఇంకొకటి ఇవ్వండి. నాకు."

"మీకెందుకండీ?" అంది ఆవిడ. "పెళ్లయినవాళ్లు. కాగితం లేకపోయినా మీ ఆయన్నే అడుగుతారు."

"అందుకే," అన్నాను.