ఇంటిపనికి సరిపడా

గోరువెచ్చటి నీళ్ళలో చిన్న చేతిగుడ్డ పిండుకోమని ఫిజియోథెరపీ అమ్మాయి చెబితే, అత్తగారు దుప్పటి నానబెట్టింది.

"మందుకు మందు, పనికి పని," అంది.

కోడలు దుప్పటిని పక్కకు జరిపి చేతిగుడ్డే తీసుకుంది. కుడిచేతి చిటికెనవేలి కింద, అరచేతిలోని ఎముక విరిగి, ఆపరేషన్ చేసి ప్లేటు వేసి ఏడు వారాలైంది. తక్కిన వేళ్ళు ముడుచుకుంటున్నాయి. చిటికెనవేలు మాత్రం అలిగిన అల్లుడిలా దూరంగా నిలబడుతోంది.

"సమయానికి చెయ్యిచ్చావు కదమ్మా," అంది అత్తగారు, కట్టు కట్టించుకొచ్చిన రోజున. చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ భర్త ఆ మాటే చెప్పి నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది. చెయ్యివ్వడమంటే నమ్మించి తప్పుకోవడమట. ఇరవై ఏళ్ళుగా ఈ ఇంటికి తను చెయ్యిస్తూనే ఉన్నానని ఆమె ఇంకో అర్థంలో అనుకుంటూ వచ్చింది.

ఎముకల డాక్టరు ఒక్కడే ఎక్స్‌రే వంక రెండుసార్లు చూశాడు. "ఇది పిడికిలి బిగించి కొట్టేవాళ్ళకి విరిగే చోటమ్మా. ఎవర్ని కొట్టారు?"

భర్త పడీపడీ నవ్వాడు. "మా ఆవిడా? దోమ వాలితే తోలుతుంది గానీ చంపదండీ."

"బాత్‌రూంలో జారిపడ్డాను," అంది ఆమె. అప్పటికి ఆ మాట అనడం మూడోసారి.

చెయ్యి విరిగిన రోజు పొద్దున, పదకొండేళ్ళుగా ఆమె కుడుతున్న టైలరింగ్ షాపు యజమానురాలు ఫోన్ చేసింది. భర్త ఎత్తాడు. మాట్లాడి పెట్టేసి, తల తుడుచుకుంటూ చెప్పాడు. "కటింగ్ మాస్టర్ మానేస్తున్నాడట. ఆ బల్ల మీద పని నీకిస్తానంది. కుదరదని చెప్పేశాలే." ఆమె బాత్‌రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. పంపు తిప్పింది. తలుపును ఒకే ఒక్కసారి కొట్టింది. తలుపుకేమీ కాలేదు.

నెలాఖరు దాకా బల్ల ఖాళీగానే ఉంచుతానని యజమానురాలు మొన్న తోటి కుట్టుమనిషితో కబురంపింది. ఆ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు. గుడ్డ మాత్రం రోజుకు ఇంకో నాలుగుసార్లు ఎక్కువ పిండింది.

సాయంత్రం ఆసుపత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి వేలికొసకీ అరచేతికీ మధ్య స్కేలు పెట్టి చూసింది. "ఇంకా సందు ఉందండీ. అసలు ఈ చెయ్యి మీకు ఏ పనికి కావాలో చెప్పండి. దాన్నిబట్టి చేయిద్దాం."

భర్త ఫోన్‌లోంచి తలెత్తాడు. "ఇంటిపనికి సరిపడా వస్తే చాలమ్మా. అంతకన్నా ఎందుకు?"

ఆ అమ్మాయి రాసుకోబోయింది.

"ఆగమ్మా," అంది ఆమె. ట్రేలో కట్లు కత్తిరించే కత్తెర ఉంటే తీసి పట్టుకుంది. చిటికెనవేలు బయటే ఉండిపోయింది. "బట్టలు కోసే కత్తెర దీనికి రెండింతలుంటుంది. రోజంతా పట్టుకోవాలి. నెలాఖరుకి కావాలి నాకు."

"ఆ పని కుదరదని చెప్పేశాంగా," అన్నాడు భర్త.

"చెప్పింది మీరు."

అతను ఆ అమ్మాయి వంక చూసి నవ్వబోయాడు. ఆ అమ్మాయి నవ్వలేదు, రాసుకుంటోంది.

"ఇంకోటి కూడా రాసుకోమ్మా," అంది ఆమె. "నేను జారిపడలేదు."

"మరి?" అన్నాడు భర్త.

ఆమె కత్తెర ట్రేలో పెట్టి, అతనికి కనబడేలా, ఒక్కో వేలే పిడికిలిలోకి మడవడం మొదలుపెట్టింది.